మొట్టమొదటి నిబంధన

సువ్రత చైతన్యకి ఆశ్రమంలో ఉన్న బాధ ఒక్కటే. టెలిఫోను.

తెల్లవారి అయిదు నుంచి ఏడు దాకా అక్కడ మౌనం. నలభై మంది కళ్లు మూసుకుని కూర్చునే ఆ రెండు గంటల్లోనే ఆఫీసు గదిలో ఫోను గణగణా మోగేది. శిష్యులెవరైనా లేచి వెళ్తే కొంత నయం. కాదు, గురువుగారు పూర్ణబోధ స్వామే లేచేవారు. డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని లేచి, మెల్లగా నడిచి వెళ్లి, "చెప్పు నాయనా" అనేవారు. ఆ మాట హాల్లో అందరికీ వినబడేది. మౌనం కాస్తా గంగలో కలిసేది.

"స్వామీ, మౌనం పెట్టింది మీరే, తప్పుతున్నదీ మీరే," అని ఒకరోజు సువ్రతుడు అననే అన్నాడు.

"మన మౌనం సంగతి అవతలివాడికి తెలీదు కదయ్యా," అన్నారాయన.

సువ్రతుడు ఊరుకునే రకం కాదు. ఆశ్రమంలో చేరకముందు పదేళ్లు పెద్ద పెద్ద కంపెనీలకి ఫోన్ వ్యవస్థలు అమర్చిన మనిషి. కాషాయం కట్టినా చేతి దురద పోలేదు. నగరంలో పాత స్నేహితుణ్ణి అడిగి ఒక పెట్టె తెప్పించాడు. చూడటానికి పంచాంగమంత ఉంటుంది. ఆశ్రమానికి వచ్చే ప్రతి ఫోనూ ముందు దాని దగ్గరికే వస్తుంది. దాన్ని ఎటు పంపాలో అదే చూసుకుంటుంది. వసతి గదులకి ఒకటి నొక్కాలి, ప్రవచనాల వేళలకి రెండు, రక్తదాతల కోసం మూడు.

ఈ మూడో అంకె సంగతి కాస్త చెప్పాలి. ఆ కొండ చుట్టుపక్కల ఎవరిది ఏ గ్రూపు రక్తమో రాసిన జాబితా ఆశ్రమంలో ఉండేది. కింద పట్నం ఆసుపత్రి వాళ్ల దగ్గరా దాని నకలు ఒకటి ఉండేది. రక్తం నిండుకుంటే ఆశ్రమానికే ఫోను చేసేవాళ్లు. తెల్లవారుజామున మోగేవి చాలామటుకు అవే.

సువ్రతుడికి ఇది తెలియక కాదు. మూడు నొక్కితే హాలుకి దూరంగా ఉన్న కాపలా గదిలో మోగేలా చక్కగా అమర్చాడు. అన్నీ కలిపి ఏడు నిబంధనలు రాశాడు. ఆ పెట్టె వాటిని పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. ఏది ముందు వర్తిస్తే దాని ప్రకారం చేసేసి ఆగిపోతుంది, ఇక కిందికి చూడదు. మరి అన్నిటికన్నా పైన ఏది ఉండాలి? మౌనాన్ని మించినది ఆశ్రమంలో ఏముంది? అందుకని మౌనాన్ని మొట్టమొదట పెట్టాడు. అయిదు నుంచి ఏడు దాకా ఎవరు చేసినా, "ఆశ్రమం మౌనంలో ఉంది, ఏడు తర్వాత చేయండి" అన్న మాట వినబడి ఫోను పెట్టేస్తుంది. ఆ మాట తన గొంతుతోనే, మంద్రంగా, ఎంతో శాంతంగా రికార్డు చేశాడు. మౌనాన్ని అన్నిటికన్నా పైన పెట్టడం, నిన్నగాక మొన్న ఈ పని నేర్చినవాడు కూడా చెయ్యని పొరపాటు. భక్తి ముదిరితే పదేళ్ల అనుభవం కూడా పక్కకి తప్పుకుంటుంది కాబోలు.

"బయటినుంచి ఒకసారి చేసి చూశావా?" అని అడిగారు స్వామి.

"ఇలాంటివి వందలు పెట్టాను స్వామీ," అన్నాడు సువ్రతుడు. ఆ యంత్రాల సంగతి స్వామికి తెలియదు.

మూడు రోజులు మౌనవేళ ఫోను మోగలేదు. అంత నిండైన మౌనం ఆ హాలు ఎన్నడూ ఎరగదు. సువ్రతుడి మొహంలో వెలుగు చూడాలి!

నాలుగో రోజు ఆరుంపావుకి ఒక మోటారు సైకిలు వచ్చి హాలు మెట్లకి దాదాపు గుద్దుకుని ఆగింది. లుంగీ ఎగగట్టుకున్న మనిషొకడు చెప్పులతోనే లోపలికి దూసుకొచ్చాడు. ముందు వరసలో ఉన్న సువ్రతుడు చటుక్కున లేచి ఎదురెళ్లి, పెదవుల మీద వేలు పెట్టి కళ్లెర్రజేశాడు.

ఆ మనిషి ఆ వేలికేసి చూశాడు. తర్వాత చేతిలో నలిగిన చీటీకేసి చూసుకున్నాడు.

"సువ్రత సైతన్యం బాబెవులండి?" అని పెద్దగా అరిచాడు. "ఓ నెగిటివంట. నా ఆడదానికి కానుపయింది, నెత్తురాగట్నేదు. ఆస్పత్రోలు ఈ పేరు రాసిచ్చినారు."

సువ్రతుడి వేలు ఇంకా పెదవుల మీదే ఉంది. దాన్ని దించడానికి కూడా చేతకాలేదు.

"నేనే," అన్నాడు ఎలాగో.

ఆ మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఈ గొంతే! ఎనిమిదిసార్లు సేసినాం బాబూ. మూడు నొక్కినా మీరే, నొక్కకపోయినా మీరే. మౌనం, మౌనం అని పెట్టెత్తన్నారు."

హాల్లో నలభై మందీ కళ్లు తెరిచారు. సువ్రతుడు తన రక్తం కోసమే వచ్చిన ఫోనుని, తన గొంతుతోనే, ఎనిమిదిసార్లు తిప్పికొట్టాడు.

"జీపు తియ్యండర్రా!" అని వెనకనుంచి స్వామి అరుపు వినబడింది. మౌనవేళ ఆయన అంత గట్టిగా అరవగా ఎవరూ వినలేదు.

కొండదారి దిగుతున్నంతసేపూ సువ్రతుడు, ఆ మనిషి పేరు బిడ్డిక లచ్చన్న అనీ, భార్య పేరు తవిటమ్మ అనీ, ఇది తొలి కాన్పు అనీ ముందు సీట్లో డ్రైవరు అడుగుతుంటే విన్నాడు. ఆసుపత్రిలో అతనికి రక్తం తీస్తున్నప్పుడు, గోడకవతల తవిటమ్మ మూలుగు ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ సన్నగా మొదలైతే, అంత తియ్యని చప్పుడు ఏ మంత్రంలోనూ వినలేదనిపించి సువ్రతుడు ఏడ్చేశాడు.

తల్లీ బిడ్డా దక్కారు. "ఇంకొక్క పావుగంట అయ్యుంటే..." అని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంది.

మధ్యాహ్నం ఆశ్రమంలో జీపు దిగుతూనే సువ్రతుడు తిన్నగా ఆఫీసు గదికి నడిచాడు. ఆ పెట్టెని పీకి కొండ మీంచి లోయలోకి విసిరెయ్యాలన్న కసి తప్ప అతనిలో ఇంకేమీ లేదు.

లోపల అడుగుపెట్టి బిగుసుకుపోయాడు.

పూర్ణబోధ స్వామి ఆ పెట్టె ముందు నేల మీద సాష్టాంగపడి ఉన్నారు. ఎవరి ముందూ తల వంచగా ఎవరూ చూడని మనిషి! ఆ మోకాళ్లతో ఎంతసేపు పడుకున్నారో, లేవలేకపోతున్నారు.

"స్వామీ! ఇదేమిటి? దీనికా దండం?" సువ్రతుడు పరుగున వెళ్లి ఆయన్ని లేవదీశాడు.

స్వామి అతని భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు. అతని మోచేతి మడతలో అంటించిన దూదిని ఒకసారి తడిమారు. ఆయన మొహంలో కోపం లేదు, వెటకారమూ లేదు.

"నాకు నలభై మంది శిష్యులయ్యా. చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా చేసినవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు. ఇది చేసింది."

సువ్రతుడి చెయ్యి అప్పటికే పెట్టె తీగ మీద ఉంది. ఆ చెయ్యి కదల్లేదు.

"దాన్నేమీ అనకు నాయనా," అన్నారు స్వామి, గుమ్మం దాటుతూ. "శిష్యుడు మంచివాడే."