రాజుగారి ముక్కు మీద సీతాకోకచిలుక

మంచుకొండల ఒడిలో, ఒకానొక రాజ్యంలో నోర్బు అనే కుర్రవాడికి ఉన్న ఆస్తి మూడు వెండి నాణేలు. వాటితో మూడు తేనెటీగల పెట్టెలు కొని, ఎర్రటి బురాంశ్ పూలు విరగబూసిన కొండవాలులో పెట్టాడు. ఏటా ఒక్కో పెట్టె రెండైతే ఐదేళ్లకి తొంభైఆరు అవుతాయని లెక్క వేసుకుని మురిసిపోయాడు. మాటకారి కావడంతో కొలువులో రాజుగారికి కబుర్లు చెప్పే ఉద్యోగం కూడా సంపాదించాడు.

రాజు ఉదగ్రసేనుడికి పొగడ్తంటే ప్రాణం. ఒకనాడు ఆయన పల్లకీలో ఆ వాలుకి షికారు వెళ్లాడు. గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకలు పూల మీద వాలాయి, చెమట కారుతున్న బోయీల మెడల మీద వాలాయి. పునుగు, జవ్వాది పూసుకున్న రాజుగారి మీద మాత్రం ఒక్కటీ వాలలేదు. ఒక తూనీగ దగ్గరికొచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

తిరిగొచ్చి రాజు మండిపడ్డాడు. తనకి రావలసిన గౌరవాన్ని పూలు కాజేస్తున్నాయట. తెల్లారేసరికి ఆ వాలులో మొక్కలన్నీ పీకించాలన్నాడు. మంత్రులు భేష్ అన్నారు. నోర్బు లెక్క తలకిందులైంది. పూలు పోతే తొంభైఆరు పెట్టెలూ సున్నాయే. అంతలో అతనికి బోయీల మెడలు గుర్తొచ్చాయి.

"ప్రభూ, ఇంత గొప్ప శిక్ష కూలివాళ్లు వేస్తే పూలకేం భయం? మొదటి మొక్క తమ చేత్తోనే పెకలించాలి" అన్నాడు.

మాట రాజుకి నచ్చింది. మర్నాడు పొద్దున్నే గడ్డపార పట్టాడు. బురాంశ్ వేళ్లు బండరాతిని కావలించుకుని ఉన్నాయి. నాలుగు పోట్లకి కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టాడు. ఇంకో నాలుగింటికి పట్టు అంగరఖా విప్పేశాడు. మొక్క కదల్లేదు. రాజు మాత్రం చెమటతో తడిసి ముద్దయ్యాడు. పునుగూ జవ్వాదీ ఎప్పుడో కారిపోయాయి.

అప్పుడొచ్చి భుజాన వాలింది ఒక నీలి సీతాకోకచిలుక. దాని వెనకే పసుపువి, నల్లవి, చుక్కలవి. చూస్తుండగానే రాజుగారి వీపంతా రెక్కలే. ఒకటి ముక్కు కొస మీద తీరిగ్గా కూర్చుంది. నిన్నటి తూనీగ గడ్డపార మీద చోటు చూసుకుంది.

రాజు ఊపిరి బిగబట్టి, పెదవులు కదపకుండా అడిగాడు. "ఏమయ్యా నోర్బూ, ఇప్పుడెందుకొచ్చాయి?"

"ఉప్పు కోసం ప్రభూ. వీటికి పూలు భోజనం, తమరి చెమట ఊరగాయ. విస్తరి లాగేస్తే ఊరగాయ నంజుకోవడానికి ఎవరొస్తారు?"

రాజుకి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వితే ముక్కు మీది అతిథి లేచిపోతుంది. బుగ్గలు ఉబ్బాయి, పొట్ట అదిరింది, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. రెక్కలన్నీ గాల్లోకి లేచి, ఆయన తల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ వచ్చి వాలాయి.

ఆజ్ఞ రద్దయింది. పక్కనున్న బోడి వాలు నోర్బుకి బహుమానంగా దక్కింది. నాటుకోవడానికి వెయ్యి మొక్కలు కూడా ఇప్పిస్తానన్నాడు రాజు.

వెయ్యి మొక్కలంటే వెయ్యి గుంతలు. నోర్బు వెనక్కి తిరిగి చూశాడు. ఇరవైమంది మంత్రులు, తమ మీద ఒక్కటైనా వాలకపోతుందా అని మెడలు చాచి నిలబడి ఉన్నారు. మనిషికి యాభై.

రాజుగారు వదిలిన గడ్డపార భుజాన వేసుకుని, నోర్బు ప్రధానమంత్రి వైపు నడిచాడు.