పల్లకీ దిగని పెద్దమనిషి

సభ్యులెవరూ రెండు విడతలకు మించి కొలువులో కూర్చోకూడదని రాజుగారు కట్టడి తేబోతున్నారు. దాన్ని అడ్డుకోవడానికి, తల ముగ్గుబుట్టయినా పీట వదలని సభ్యుడు కొండలరాయుడు పల్లకీలో బయల్దేరాడు. దారిలో బోయీలు ఆగి భుజాలు మార్చుకున్నారు.

"అస్తమానం ఈ మార్పిడేమిట్రా? ఇన్నేళ్లుగా రాజ్యభారం మోస్తున్నాను, ఏనాడైనా దించానా?" అని కసిరాడు కొండలరాయుడు.

ముందున్న బోయీ గవరయ్య, కాయకాచిన భుజం తడుముకున్నాడు.

"మోసేవాడు ఎప్పుడు దించుదామా అనే చూస్తాడు దొరా. దిగనని మొండికేసేది కూర్చున్నవాడే."

బోయీలు నవ్వు దిగమింగుకుని నడిచారు.

ఆ పూటే కొలువులో కట్టడి ఆగిపోయింది. మర్నాడు గవరయ్య చోట కొత్త బోయీ భుజం పెట్టాడు. పైన కూర్చున్నది మాత్రం ఆయనే.