చుక్కలగట్టు మీద ముగ్గురు మరసిపాయిలు

చుక్కలగట్టు కొండ మీద సరిహద్దు కాపలాకి ముగ్గురు మరమనుషుల్ని పెట్టారు. ఉక్కయ్య, తగరయ్య, రాగయ్య. ఒకే కర్మాగారంలో పుట్టారు కాబట్టి అన్నదమ్ములు. తమంత తెలివైన సిపాయిలు ఏ సైన్యంలోనూ లేరని వాళ్ళ నమ్మకం.

"మనుషులకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం చెప్పిందే చేస్తాం," అనేవాడు ఉక్కయ్య.

"అదీ బుర్రంటే," అనేవాడు తగరయ్య. రాగయ్య తల ఊపేవాడు. మర ఇరుక్కుంటే పొద్దుగూకేదాకా ఊపుతూనే ఉండేవాడు.

వాళ్ళ పైఅధికారి సుబేదారు చిట్టెమ్మ. ఒకరోజు ఆవిడకి పన్నుపోటు వచ్చింది. దవడ పట్టుకుని కొండ కింద డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

"కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాయండి. శత్రువులొస్తే మూడు చెరువుల నీళ్ళు తాగించండి," అని చెప్పి వెళ్ళింది.

అంతే. ఆవిడ మలుపు తిరగ్గానే ముగ్గురూ పత్తి వత్తులు చేసి, ఆముదంలో తడిపి, కళ్ళలో పెట్టుకుని వెలిగించారు. ఇంకేముంది, కంటి అద్దాలన్నీ మసి.

"పొగ కనిపిస్తోందన్నా," అన్నాడు రాగయ్య.

"ఎక్కడ?"

"నా మొహంలోంచే."

"వదలకు. బాగా కాపలా కాయి."

ఆ పొగ అవతలి సైన్యం చూసింది. కాపలా కొట్టం తగలబడుతోంది, ఇదే అదననుకుని, దళనాయకుడు భుజంగం తన మనుషులతో రొప్పుకుంటూ కొండెక్కాడు.

"ఎవరు మీరు?" అన్నాడు ఉక్కయ్య.

"శత్రువులం!"

"అమ్మయ్య, రండి. నీళ్ళు తాగండి."

పక్కనున్న చెరువులో ముంచి కుండలు ఎత్తాలంటే చేతులు ఖాళీ కావాలి కదా. "కాస్త పట్టుకోండి," అని తమ తుపాకులు వాళ్ళ చేతికే ఇచ్చారు. భుజంగం అవే గురిపెట్టాడు.

"చేతులెత్తండి!"

ఎత్తారు, కుండలతో సహా. ధార చక్కగా శత్రువుల నోట్లో పడింది. దాహంగా ఉన్నారేమో, మొదట ఇష్టంగానే తాగారు. తర్వాత చాలన్నారు.

"ఇంకా చెరువు సగం కూడా కాలేదు," అని తగరయ్య ముక్కులు మూసి మరీ పోశాడు. చెరువు అడుగంటింది. శత్రువులు కడుపులు పట్టుకుని నేల మీద పడ్డారు. కొండ మీద ఉన్నది ఒకటే చెరువు కాబట్టి, రెండోదాని కోసం ఉక్కయ్య ఆయుధాల గదిలో నేల తవ్వాడు. గది కూలింది.

సాయంత్రం చిట్టెమ్మ వాచిన బుగ్గతో వచ్చింది. శత్రువుల ఒళ్ళో తుపాకులు చూసింది. ఎండిన చెరువు చూసింది. కూలిన గది చూసింది. ఏడుపొచ్చి రెండు చేతులూ జోడించింది.

"ఒరేయ్ నాయనా, మీ కాళ్ళకో దండంరా!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"పాపం, పన్ను పీకించుకొచ్చింది. కిందికి వంగలేదేమో," అన్నాడు ఉక్కయ్య.

అంతే. మరలు విప్పి ఆరు కాళ్ళూ ఊడదీసి, బల్ల మీద వరసగా పెట్టారు. నేల మీద కూలబడి, దీవించడానికి చేతులెత్తారు.

తరిమేవాళ్ళకి కాళ్ళు లేవని భుజంగానికి అర్థమైంది. దళమంతా మెల్లగా లేచింది. కడుపులు బరువుగా ఉన్నాయని, ఊతకర్రలుగా బల్ల మీది కాళ్ళు అందుకుని కొండ దిగసాగారు.

"పోతున్నార్రా! పట్టుకోండి!" అని అరిచింది చిట్టెమ్మ.

"అటు తిరక్కండమ్మా," అన్నాడు ఉక్కయ్య చెయ్యి దించకుండా. "దణ్ణం మధ్యలో ఆపకూడదు."