వెనక బరువు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం కదిరప్ప అయ్యవారి అలవాటు. బడిలో పాఠాలు చెప్పడం మానుకున్నాక ఆయన గుట్ట మీద రాతింట్లో ఉంటూ, వచ్చినవాళ్లకు తత్వం బోధించేవారు. మోక్షం సంగతి అడిగినవాడికి చీపురు ఇచ్చారనీ, మాయ అంటే ఏమిటన్న ఆవిడ చేత పందిరి గుంజలు పాతించారనీ శిష్యులు నవ్వుకుంటూ చెప్పుకునేవారు. జవాబు దొరికిందా అని మాత్రం ఆయన మళ్లీ ఎవరినీ అడిగేవారు కాదు.

ఆ ఏడు గురుపూజ ఆయుధపూజ నాడే వచ్చింది. పొద్దున్నే ఓబులపతి గుట్టెక్కి ఆయన ముందు కూర్చున్నాడు. మంచు ఇంకా విడలేదు. కింద ఊరు, టమాటా తోటలు, తారురోడ్డు ఏవీ కనిపించడం లేదు. లోకమంతా ఎవరో చాపలా చుట్టి పక్కన పెట్టినట్టుంది.

ఓబులపతికి ఒక అన్న ఉన్నాడు. పేరు గంగులప్ప. మదనపల్లె మార్కెట్టులో హమాలీగా ఉన్నన్నాళ్లూ మూటలను పిల్లల్లా ఎత్తుకుని తిరిగిన భారీ మనిషి. లారీ మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడింది. అప్పటి నుంచి తమ్ముడే ఆయనకు కాళ్లు. స్నానానికైనా ఎండకైనా వీపున వేసుకుని తిప్పాల్సిందే. ఇప్పుడు ఇలాంటి వారిని చూసుకునే ఆశ్రయం ఒకటి, కడప రోడ్డులోది, మంచం ఖాళీ అయిందని కబురు చేసింది. సాయంత్రానికల్లా ఫోను చేస్తాం, అవునో కాదో చెప్పండి అన్నారు. అవునంటే అన్న అక్కడికి పోతాడు, ఓబులపతి గుట్ట మీదకు వచ్చేస్తాడు.

"సామీ, కండ్లు మూసుకుని కూచుంటే అన్న పిలుస్తాడు. పిలవకపోయినా పిల్చినట్టే ఉంటాది. మనసు అడుగు ముందుకు పడదు. బరువు దించుకుంటే దారి సాగుతాదా, బరువుతోనే రావాల్నా?"

అయ్యవారు మంచులో తారురోడ్డున్న వైపు చెయ్యి చూపించారు.

"మదనపల్లెలో బియ్యం మూటలుండాయి," అన్నారు. "ఖలందర్ బండి తీసుకోని పోయి తీసకరా. మీ అన్నను గూడా ఎక్కించుకో. గాలి తగుల్తాది."

ఊళ్లో బాడుగకు తిప్పే ఖలందర్‌ది పికప్ బండి. ఇద్దరూ గంగులప్పను వెనక తొట్టిలోకి ఎక్కించారు. ముందు సీట్లో ఆ నడుము వంగదు. పైగా ఆయనకు వెనక కూర్చోవడమే ఇష్టం. మూటలు వేసుకున్నాక వాటికి ఆనుకుని జమీందారులా కూర్చున్నాడు.

తిరుగుదారిలో బండి మార్కెట్టు యార్డులోకి మళ్లింది. ఆయుధపూజ నాడు పికప్ డ్రైవర్లందరూ అక్కడ బండ్లు కడుగుతారు. పూజ అయ్యాక ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, తడి సిమెంటు మీద వెనక చక్రాలను పొగ లేచేదాకా ఉన్నచోటనే తిప్పుతారు. ఎవరి చక్రం తిరగలేదో ఆ బండికి ఏడాదంతా ఏదో ఒక పేరు పడుతుంది. ఏ శాస్త్రంలోనూ లేని ఆచారం. అయినా ఎవరూ తప్పించుకోరు.

ఖలందర్ వంతు వచ్చింది. నిమ్మకాయలు తొక్కించి, రాళ్ల దాకా బండిని తెచ్చి, రెండో గేరు వేసి ఇంజను రేపాడు. క్లచ్ మీద కాలు ఒక్కసారిగా తీశాడు. బండి రాళ్లను ఒక పోటు పొడిచి, దగ్గి ఆగిపోయింది. మళ్లీ అదే. మూడోసారీ అదే.

"గురుపూజ బియ్యం గదా, బండికి భక్తి ముదిరింది," అన్నాడు ఒక డ్రైవరు.

"ధ్యానం చేస్తాంది రా. కదిలించొద్దండి," అన్నాడు ఇంకొకడు.

ఖలందర్ చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఓబులన్నా, వెనక బరువుంటే చక్రం యాడ తిరుగుతాది? కాసేపు దించుదాం," అన్నాడు.

మూటలు దించి రేకుల కప్పు కింద పేర్చారు. చివరికి గంగులప్ప ఒక్కడే మిగిలాడు.

"నన్ను చూస్తావేం రా," అన్నాడు గంగులప్ప. "నేనూ మూటనే. దించు." తమ్ముడి వీపు మీదకు ఒరుగుతూ చెవి దగ్గర నెమ్మదిగా, "రేపటి నుంచి కొత్తోళ్లు ఎత్తాల్నేమో. యాడ పట్టుకోవాల్నో వాళ్లకు సరిగా చెప్పు. నువ్వు మొదట్లో చంక కింద గిల్లినట్టు పట్టుకునేవాడివి," అన్నాడు.

ఓబులపతి అన్నను మూటల మీద కూర్చోబెట్టి వచ్చాడు.

ఈసారి క్లచ్ వదలగానే వెనక చక్రాలు తేలిపోయాయి. మొదట నీళ్లు విసనకర్రలా లేచాయి. తర్వాత సిమెంటు ఆరి, రబ్బరు వేడెక్కి, తెల్లటి పొగ పుట్టింది. అది లేచిందనడం కన్నా విచ్చుకుందనడం సరైన మాట. చక్రాలు, తలుపులు, ఖలందర్ ముఖం ఒక్కొక్కటే అందులోకి వెళ్లిపోయాయి. ఇంజను గొంతు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. మనుషులు నీడలయ్యారు, నీడలు కూడా పలచబడ్డాయి. నేల మీద ఏ బరువూ లేని బండి ఒకటి మబ్బులో తిరుగుతోంది.

ఓబులపతి రేకుల కప్పు వైపు చూశాడు. పొగలో అన్న కనిపించలేదు. పిలుపూ వినిపించలేదు. ఆ కాసేపు అతని ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది. పొద్దున అడిగిన దానికి జవాబు ఇంత తొందరగా, ఇంత తేటగా దొరికినందుకు ఆశ్చర్యపోయాడు కూడా. సాయంత్రం ఫోనుకు ఏం చెప్పాలో అక్కడే తేలిపోయింది.

పొగ విడిపోయింది. బండి ఉన్నచోటనే ఉంది. కింద రెండు నల్లటి చారలున్నాయి.

గుట్ట చేరేసరికి వాన మొదలైంది. గుట్ట కింద పందిట్లో గురుపూజ వంట. మూటలు అక్కడ దించారు, గంగులప్పను కూరగాయల దగ్గర కూర్చోబెట్టారు. అయ్యవారికి మోకాళ్ల నొప్పి, గుట్ట దిగలేరు. మోసుకొస్తామంటే ఒప్పుకోరు. పూజవేళకు ఆయనను బండిలో కిందికి తేవాలి. ఓబులపతి, ఖలందర్ ఖాళీ బండితో పైకి బయలుదేరారు.

సగం దారిలో ఎర్రమట్టి జారింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బురద చిమ్మింది, బండి పైకి పోకుండా వెనక్కి జారింది. ఖలందర్ మళ్లీ తొక్కాడు. ఎంత తొక్కితే అంత తిరిగాయి. పొద్దుటి శబ్దమే. పొగ ఒక్కటే తక్కువ.

"చూస్తివా దీని వాలకం," అన్నాడు ఖలందర్. "యార్డులో పది మంది ముందర తిరగమంటే తిరగలా. ఇప్పుడెవురూ అడగలేదు, తిరుగుతాంది. వెనక బరువు లేదన్నా. చక్రానికి నేల దొరకలా."

ఓబులపతి అద్దంలోకి చూశాడు. అందులో ఖాళీ తొట్టి, దాని వెనక వాన మాత్రం కనిపించాయి.

వెనక్కి నెమ్మదిగా దిగి పందిరి దగ్గరికి వచ్చారు. మూటలన్నీ అప్పటికే విప్పేశారు, బియ్యం కడుగుతున్నారు. వంటవాళ్ల చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. ఖలందర్ తొట్టిని చూపించి, చక్రాల మీదికి బరువు కావాలన్నాడు.

గంగులప్ప చేతిలోని వంకాయను పక్కన పెట్టాడు. "ఊళ్లో ఇంత బరువును పెట్టుకోని ఇంకొకటి వెతుకుతారేంది?"

మళ్లీ ఎత్తి ఎక్కించారు. ఏటవాలులో ఆ ఒళ్లు జారుతుంది, పట్టుకునే మనిషి కావాలి. ఓబులపతి తొట్టిలోకి ఎక్కి, చక్రాలకు సరిగ్గా పైన అన్నను తన రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ చుట్టేశాడు. బండి కదిలింది. జారిన చోటికి వచ్చింది. చక్రాలు ఒక్క క్షణం తడుముకున్నాయి, తర్వాత మట్టిని కరిచాయి. అడుగు వెంట అడుగుగా, వానలో, మబ్బు దిగి చెట్లను తాకుతున్న దారిలో బండి పైకి సాగింది. అన్న తడి వీపులోంచి వస్తున్న వెచ్చదనం ఓబులపతి రొమ్ముకు తెలుస్తోంది. ఇన్నేళ్లూ అన్నను వీపున వేసుకుని తాను ముందు నడిచాడు. ఇలా వెనక కూర్చోవడం ఇదే మొదలు.

జేబులో ఫోను మోగింది.

"వాళ్లే అయ్యుంటారు," అన్నాడు గంగులప్ప, తల తిప్పకుండా. "ఎత్తు."

ఫోను మోగుతూనే ఉంది. ఓబులపతి పట్టు సడలించలేదు.

"చేతులు ఖాళీ లేవన్నా," అన్నాడు.

కాసేపటికి అదే ఆగిపోయింది. గంగులప్ప బిగబట్టిన ఊపిరి వదలడం ఓబులపతి చేతులకు తెలిసింది.

పైన రాతింటి ముందు అయ్యవారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఖలందర్ దిగి, ముందు తలుపు తీసి, సీటు తుడిచాడు. ఆయన సీటు వంక చూడలేదు. బండి చుట్టూ నడిచి వెనక్కి వచ్చారు. బురద అంటిన చక్రాన్ని, తొట్టిలో ఒకరినొకరు ఆనుకుని తడుస్తున్న అన్నదమ్ములను చూశారు.

"సామీ, పొద్దున నేనడిగింది..." అని ఆగిపోయాడు ఓబులపతి.

అయ్యవారు గొడుగు ముడిచి అతని చేతికిచ్చారు. ఖలందర్ భుజం ఆసరాతో నొప్పి మోకాలు తొట్టిలోకి వేశారు.

"రోంత జరగండప్పా," అన్నారు. "దిగేటప్పుడు గూడా వెనక బరువుండాల."