దుమ్ము లెక్క చూసిన నక్క

వాగు అవతల ఒక మామిడితోట. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి తోటలో కోళ్ళకి కొక్కెర తెగులు తగిలింది. మొదట తుమ్ములు, తర్వాత కునికిపాట్లు, ఆపైన మెడ వాలిపోవడం. ఊళ్ళో ఉన్న కోళ్ళకి ఎక్కడ అంటుకుంటుందోనని తోట కాపరి ఇటు రావడమే మానేశాడు. పోతూ పోతూ కుక్కని కూడా వెంటబెట్టుకుపోయాడు. తోటలో మిగిలినవి ఖాళీ గుడిసె, మేత తప్ప మరో ధ్యాస లేని ఒక పొట్టేలు, ఒక బాతు, ఈ కోళ్ళ సంత.

కోళ్ళ సంగతి మీకు తెలిసిందే. నీళ్ళంటే గిట్టదు. వాటి స్నానమంతా దుమ్ములోనే. గుంట చేసుకుని, అందులో బోర్లా పడి, రెక్కలతో దుమ్ము ఒంటినిండా పోసుకుని లేస్తాయి. పేలు రాలిపోతాయి, ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ తోటలో ఏ ఇంటి గుంట ఆ ఇంటిదే. డేగ పుంజు కుటుంబానిది ఎర్రమట్టి. నల్ల పెట్టది గుడిసె వెనక పొయ్యి బూడిద. మైల పెట్టది కూలిన గోడ కింద పాత సున్నప్పొడి. ఒకరి గుంటలో ఇంకొకరు కాలు పెడితే ఆ రోజు తోటలో కాకులు కూడా వాలవు, అంత గొడవ!

తెగులు ముదిరేసరికి డేగ పుంజు పంచాయితీ పెట్టింది. తన కూతతోనే సూర్యుడు లేస్తున్నాడని మనస్ఫూర్తిగా నమ్మే రకం అది.

"ఎవరు ఎవరితో తిరిగారో తేలకపోతే ఈ రోగం ఆగదు. ఎవరైనా ఉపాయం చెప్పండి," అంది పుంజు.

"చెప్పమంటే నేను చెప్తాను," అని కంచె అవతల నుంచి ఒక గొంతు వినబడింది.

చూస్తే నక్క! నోట్లో వేపరెమ్మ, మొహం నిండా వినయం. కోళ్ళు కెవ్వుమని చెట్లెక్కాయి.

"అయ్యో, అంత భయమెందుకే కోడలు పిల్లల్లారా! తెగులు సోకిన కోడిని తినేంత వెర్రివాణ్ణా? నాకు మాత్రం ప్రాణం మీద తీపి లేదూ? మీకు జబ్బు తగ్గితేనే కదా ఈ అడవిలో నేనూ నిబ్బరంగా బతికేది."

మాట సబబుగానే ఉందనిపించింది. ఒక్కొక్కటే కొమ్మ దిగాయి.

"మీ స్నానంలోనే ఉంది ఉపాయం," అంది నక్క. "ఎర్రమట్టి వాళ్ళ ఈకల్లో బూడిద కనబడిందనుకోండి, వాళ్ళు బూడిద వాళ్ళని రాసుకుని తిరిగినట్టే కదా? రోజూ పొద్దున్నే నేనొచ్చి అందరి దుమ్మూ చూస్తాను. ఎవరికి జబ్బు చేసినా, వాళ్ళ దుమ్ము ఎవరి మీదుంటే వాళ్ళని ఒక పక్షం పాటు దూరవాసం పంపిద్దాం. ఒంటరిగా ఉంటే రోగం ఒంటరిగానే చస్తుంది."

"భేష్!" అంది పుంజు.

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, గిన్నికోడి గోల మొదలెట్టింది. దాని మామూలు మాటే నాలుగు పొలాల అవతలికి వినబడుతుంది.

"నా దుమ్ము నా ఇష్టం! నేనెక్కడ దొర్లానో, ఎవరితో దొర్లానో ఊరందరికీ ఎందుకు? పెదవి దాటితే పృథివి దాటుతుంది. రేపు నా కాపురం సంగతులు కూడా చూస్తానంటాడు!"

"దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకి భయమెందుకమ్మా?" అంది నక్క మెత్తగా.

"అయితే నీ నోరు తెరిచి చూపించు, పళ్ళ సందుల్లో ఏముందో చూస్తాం!"

"గిన్నీ, కూర్చో!" అని పుంజు గద్దించింది.

బాతు మెల్లగా మెడ చాచింది. "నేను నీళ్ళలో స్నానం చేస్తాను కదండీ. నాకసలు దుమ్మే ఉండదు. మరి నా లెక్కెలా?"

అంతదాకా ఆ మాట ఎవరికీ తట్టలేదు. నక్క కూడా ఓ క్షణం తడబడి, "నువ్వు రోజూ వచ్చి నోటితో చెప్పుకోవాలి," అంది.

"రోజూనా? నాకు నిన్నటిదే గుర్తుండదండీ," అంది బాతు. అందరూ నవ్వారు.

అప్పటిదాకా చుక్కల మామ్మ నోరు విప్పలేదు. తోటలో సగం మందిని పొదిగిన ముసలి పెట్ట అది. "రోగం నిజం. దూరంగా ఉండడమూ మంచిదే. పొదుగుకి కూర్చున్న ప్రతి ఆడదానికీ ఒంటరిగా ఉండడం చేతనవును. నాది ఒక్కటే ప్రశ్న. దూరవాసానికి పోయిన వాళ్ళు ఎక్కడున్నారో ఎవరికి తెలుస్తుంది?"

"నాకొక్కడికే," అంది నక్క. "వాళ్ళ పరువు కాపాడాలి కదా మామ్మా! ఫలానా వాళ్ళకి తెగులంట అని నలుగురూ చెవులు కొరుక్కుంటే వాళ్ళు తలెత్తుకోగలరా? ఇంకో మాట. నాకేం రోగం లేదు, నన్ను వదిలేయండి అని ఎవడు గోల పెడతాడో వాడితోనే ఎక్కువ ప్రమాదం. అలాంటి వాణ్ణి అసలు వదలకూడదు."

చేతులుంటే చప్పట్లు కొట్టేవారే. రెక్కలు కొట్టారు. దొంగ చేతికి తాళాలిచ్చి, పైగా దండం పెట్టారు!

రెండు రోజులు సవ్యంగానే గడిచాయి. మూడోనాడు పుంజు కూతురొకతె తుమ్మింది. నక్క అందరినీ వరసగా నిలబెట్టి చూసింది. చిత్రమేమిటంటే, ఎర్రమట్టి అంటిన వాళ్ళు పదిమంది ఉన్నా నక్క కన్ను నల్ల పెట్ట దగ్గరే ఆగింది. నల్ల పెట్ట బొద్దుగా, నున్నగా, నడిస్తే నేల కదిలేటట్టు ఉంటుంది.

"ఇదుగో ఎర్రమరక. దూరవాసం," అంది నక్క.

"నాకు తుమ్మైనా రాలేదు మావయ్యా!"

"అదే మరి భయం. పద."

నల్ల పెట్ట వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వాగు వైపు నడిచింది. మామ్మ కంచెదాకా వెంట వెళ్ళింది. పిల్లప్పుడు తన రెక్క కిందే పెరిగింది మరి!

మర్నాడు పొద్దున్నే నక్క మొహం వేలాడేసుకుని వచ్చింది. "పాపం, నల్ల పెట్టకి జబ్బు బయటపడింది. కంగారేం లేదు, నేను చూసుకుంటున్నాను. ఇక దాని బూడిద ఎవరికి అంటిందో చూడాలి."

అందరినీ చూసి, చివరికి గోడ పక్క గంప దగ్గరికి వెళ్ళింది. అక్కడ మైల పెట్ట పొదుగు మీదుంది. తొలిచూలు పొదుగు. గుడ్లలో పిల్లలు కదులుతున్న చప్పుడు వినబడుతోందని ముందురోజే సంబరంగా మామ్మతో చెప్పింది.

"రెక్క ఎత్తు తల్లీ," అంటూ నక్క పంజాతో తనే ఎత్తింది. "అయ్యయ్యో! చూడండి, చూడండి! బూడిద!"

నిజమే. పాత సున్నంతో తెల్లబడ్డ రెక్క మీద బూడిద మరక.

"సాయంత్రానికి దూరవాసం రావాలి," అంది నక్క.

మైల పెట్ట గుడ్లని రెక్కల కిందికి లాక్కుంది. "నేను లేస్తే గుడ్లు చల్లారిపోతాయి మావయ్యా! నా పిల్లలు చచ్చిపోతారు. నీ కాళ్ళకి మొక్కుతా!"

"నియమం నియమమే," అంది డేగ పుంజు, ఎటో చూస్తూ. దానికీ లోపల బాధగానే ఉంది, కానీ పెద్దరికం ఒకటి ఏడ్చింది కదా!

చుక్కల మామ్మ ఆ మరకనే చూస్తోంది. పొదుగుకి కూర్చున్నది స్నానానికే లేవలేదు. మేత తానే తెచ్చి పెడుతోంది. నల్ల పెట్ట ఈ గోడ ఛాయలకే రాలేదు. మరి బూడిద ఎలా వచ్చింది? మామ్మ చూపు మెల్లగా నక్క పంజా మీదికి జారింది. గోళ్ళ సందుల్లో బూడిద. మెడ కింద బొచ్చులో బూడిద. మరక మైల పెట్టకి ముందునుంచీ లేదు. రెక్క ఎత్తిన పంజాయే అంటించింది. ఒంటి నిండా బూడిదతో పోయిన నల్ల పెట్టని ఆ పంజా ఏం చేసిందో మామ్మకి అర్థమైపోయింది.

అరిస్తే ఏమవుతుంది? నక్క నాలుగు గంతుల్లో అందరినీ చెల్లాచెదురు చేసి, దొరికినదాన్ని పట్టుకుపోతుంది. మామ్మ దుఃఖాన్ని దిగమింగుకుని నవ్వు మొహం పెట్టింది.

"నక్క నాయనా, నియమం కాదనం. కానీ గుడ్లు కూడా తగిలిన వాటి కిందే లెక్క కదా? వాటినీ దూరం పెట్టాలి. వాగుదాకా మోస్తే పగిలిపోతాయి. ఈ గుడిసె ఖాళీయే. తల్లినీ గుడ్లనీ అందులో ఉంచుతాం. మేమెవరం ఆ వైపు తొంగిచూడం. నువ్వే సాయంత్రం వచ్చి చూసుకో."

తల్లి, పైగా గుడ్లు, పైగా తలుపున్న గుడిసె! నక్కకి నోట్లో నీళ్ళూరి, మింగలేక దగ్గింది. "సరే మామ్మా. నీ పెద్దరికం కోసం ఒప్పుకుంటున్నాను."

నక్క అటు పోగానే మామ్మ గిన్నికోడినీ, బాతునీ, పొట్టేలునీ పిలిచి చెవిలో నాలుగు ముక్కలు ఊదింది. గిన్నికోడి అరవబోయి రెక్కతో నోరు మూసుకుంది. పుట్టాక అది నోరు మూసుకోవడం అదే మొదలు.

మైల పెట్టని కదపలేదు. దాని మీద ఇంకో గంప బోర్లించి, పైన ఎండుగడ్డి కప్పారు. గుడిసెలో మూలన గడ్డి పోగు చేసి, మీద పాత గోనె ముక్క ఉబ్బెత్తుగా పరిచి, కూలిన గోడ కింది సున్నప్పొడంతా తెచ్చి దాని మీద కుమ్మరించారు. మసక వెలుతురులో చూస్తే తెల్లటి పెట్ట ఒదిగి కూర్చున్నట్టే ఉంది.

పొద్దు వాలింది. నక్క వచ్చింది. అటూ ఇటూ చూసింది. మాట ఇచ్చినట్టే ఎవరూ తొంగిచూడడం లేదు. గుడిసెలో దూరి, గొంతు తగ్గించి, "మైలమ్మా, ఒంట్లో ఎలా ఉందే?" అంటూ ఒక్క దూకు దూకింది.

భుస్సుమని సున్నం లేచింది! కళ్ళలో సున్నం, ముక్కులో సున్నం, నోటి నిండా గోనె పీచు. నక్క తుమ్మింది. ఆగకుండా తుమ్మింది. తుమ్ముతూ తలుపు వైపు తిరిగేలోగా పొట్టేలు కొమ్ములొంచి వచ్చి తలుపుని ఒక్క పోటు పొడిచింది. తలుపు ధనేలుమని మూసుకుంది. పొట్టేలు వీపు దానికి ఆనించి నిలబడి నెమరు వేయసాగింది.

"తుమ్ములు! తుమ్ములు! నక్క మావయ్యకి తుమ్ములు!" అని గిన్నికోడి అందుకుంది. పొద్దుటినుంచీ ఆపుకున్న గొంతంతా అప్పుడు తీర్చుకుంది. తోటంతా గుడిసె ముందుకొచ్చి చేరింది.

"తలుపు తీయండి!" అంది లోపల్నుంచి నక్క.

"ఒంటి మీద ఏ దుమ్ముందో చెప్పండి ముందు," అంది బాతు. ఇది మాత్రం దానికి బాగా గుర్తుంది.

"సున్నం! ఇక్కడిదే, హాచ్!"

"అంటే మైల పెట్ట దుమ్ము. పొద్దున్న బూడిద కూడా చూశాం. ఇద్దరిని కలిశారన్నమాట. దూరవాసం తప్పదు."

"నాకు ఏ రోగమూ లేదు, వదిలేయండర్రా!"

"అయ్యో మావయ్యా," అంది గిన్నికోడి, "అలా గోల పెట్టేవాడితోనే ఎక్కువ ప్రమాదమని మీరే సెలవిచ్చారు కదా! మీరిక్కడ ఉన్నట్టు బయట ఎవరికీ చెప్పంలెండి. మీ పరువు మాకు ముఖ్యం."

తోటంతా పకపక నవ్వింది. డేగ పుంజుకి మాత్రం ఏమీ అంతుబట్టలేదు. "ఏమిటిదంతా? నా హయాంలో అధికారిని బంధిస్తారా?" అని మెడ ఈకలు విరబోసుకుంది.

మామ్మ తలుపు దగ్గరికి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

"నక్కా, నిన్ను ఒక పూట కూడా ఉంచం. నల్ల పెట్ట ఎక్కడుందో చెప్పు. పుంజు వెళ్ళి పిలుచుకొస్తుంది. అది ఈ గుమ్మంలోకి రాగానే నీకు తలుపు తీస్తాం."

లోపల తుమ్ములు కూడా ఆగిపోయాయి.

"చెప్పు నాయనా. నీ ఒక్కడికే కదా తెలుసు."

లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొట్టేలు నెమరు వేయడం ఆపేసింది. అప్పటికి గాని పుంజుకి అర్థం కాలేదు. దాని తురాయి పక్కకి వాలిపోయింది. "నేనే పంపాను," అని నేల మీద చతికిలబడింది. దాన్ని ఎవరూ ఓదార్చలేదు.

నక్క గోడ కింద గోళ్ళు అరిగేలా తవ్వుకుని, ఎముకల గూడై, ఎప్పటికో బయటపడింది. పడగానే పొట్టేలు కొమ్ములు ఎదురొచ్చాయి. ఆ పోటుకి వాగు దాటి పడిందంటారు. మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

తెగులు మాత్రం వెంటనే పోలేదు. దుమ్ము చూసుకోవడమూ, దూరవాసమూ మానలేదు. కాకపోతే ఎవరి ఒంటి మీది దుమ్ము వాళ్ళే చూసుకుని, కలిసిన వాళ్ళకి వాళ్ళే కబురంపుకునేవారు. దూరంగా ఉన్న ప్రతి పెట్టనీ పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు కంచె ఇవతలనుంచి పేరు పెట్టి పిలిచేవారు. బదులు వినబడిందాకా కదిలేవారు కాదు. మైల పెట్ట గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన పొద్దున, ఆ పిలుపులతోనే తోట మారుమోగిపోయింది.

రోగం వస్తే దూరంగా ఉండాల్సిందే. కానీ ఎవరెక్కడున్నారో నక్కకి ఒక్కదానికే తెలిసేంత దూరం పనికిరాదు.