సిద్ధాంతి నక్క, పడమటి నీడ

అడవికీ పొలాలకీ మధ్య మెరకమీద ఒక గేదె కాపురం. రేకుల కొట్టం, దానికి పడమట నాలుగు కానుగ చెట్లు, ఒక చంటి దూడ. రోహిణికార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో కూడా తల్లీబిడ్డా ఆ కొట్టంలో హాయిగా కునుకు తీసేవాళ్లు. సుఖంగా ఉన్నవాళ్లకి ఏదో లోటుందని చెప్పేవాడు ఎక్కడో ఒకడు పుట్టే ఉంటాడు కదా. ఇక్కడ ఆ పుణ్యం నక్కది. నుదుటిమీద ఇంత బొట్టు పెట్టుకుని, వాస్తు సిద్ధాంతినంటూ గడపగడపా తిరిగేది.

కొట్టం చుట్టూ ఒక చుట్టు తిరిగి నక్క పెదవి విరిచింది. "పడమట ఇంత నీడా తల్లీ? ఇంటికి అరిష్టం. లక్ష్మీదేవి వచ్చే దారికి ఈ చెట్లు అడ్డం."

"మా అమ్మ కాలం నాటివి, సిద్ధాంతిగారూ," అంది గేదె.

"మీ అమ్మ ఏం బావుకుంది? ఈ కొట్టంలోనే పుట్టి ఈ కొట్టంలోనే పోయింది."

ఆ మాట గేదెకి గుచ్చుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వెంటనే అడవిపందుల్ని పిలిచి నాలుగు చెట్లూ కూల్పించేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి కొట్టం కాలిన పెనమైంది. దూడ నాలుక బయటపెట్టి రొప్పుతుంటే నక్క మళ్లీ వచ్చింది, ఈసారి కోతుల్ని వెంటేసుకుని.

"వీళ్లు తాటాకులతో విసురుతారు, నీళ్లు చల్లుతారు. రోజుకి కుండెడు పాలు పోస్తే చాలు."

ఒక కుండ రెండైంది, రెండు మూడయ్యాయి. ఎండ ముదిరినకొద్దీ కోతులు పెరిగాయి. వచ్చిన పాలల్లో సగం నక్క వాటా. దూడకి పొదుగులో చుక్క మిగల్లేదు, పాపం, దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

పక్క దొడ్డిలో ముసలి మేక చూసిచూసి, ఇక ఉండబట్టలేక వచ్చింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల, వదినా? ఎండ గోడని తాకకముందే ఆపాలి గానీ, లోపలికి రానిచ్చి విసురుకుంటే ఏం లాభం?"

"సిద్ధాంతిగారి మాట కాదంటే నా బిడ్డకి అరిష్టం చుట్టుకోదూ?" అని ఏడ్చింది గేదె.

"నీ బిడ్డ పోతోంది పాలు లేక. సరే, ఆ మహానుభావుడు మధ్యాహ్నంపూట ఎక్కడ పడుకుంటాడో ఎప్పుడైనా చూశావా?"

గేదె చూడలేదు. మేక చూసింది. గట్టు కింద నక్క బొరియ. వాకిలి పడమరకే. వాకిలి మీద దట్టంగా రేగుపొద, దాన్ని అల్లుకుని తిప్పతీగ. లోపల చలివేంద్రమే.

మర్నాడు మేక తన మందని, గేదెని, పందుల్ని, కుందేళ్లని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది.

"సిద్ధాంతిగారూ, మా అందరి అరిష్టాలూ తీశారు. తీరా చూస్తే మీ ఇంటికే పడమట నీడ! మా ప్రాణం తల్లడిల్లిందనుకోండి. ఊరికే తీసేసి పోదామని వచ్చాం."

నక్క పొదకి అడ్డంగా వచ్చి నిలబడింది. "అబ్బెబ్బే, మీకెందుకు శ్రమ?"

"తినడం మాకు శ్రమేంటండీ?" అని మేకలు పొదలో మూతులు పెట్టాయి.

"ఇది వేరే జాతి పొద. దీనికి దోషం లేదు."

"మరి కానుగకి ఎందుకుందో చెప్పండి," అని గేదె ఎదురుగా వచ్చి నిలబడింది.

నక్క పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. శాస్త్రం నిజమంటే పొద పోతుంది, అబద్ధమంటే పొట్ట పోతుంది. ఏది వదులుకోవాలో తేల్చుకునేలోపు సగం పొద మేకల కడుపుల్లోకి చేరింది. ఎండ సూటిగా వచ్చి దాని వీపుమీద పడింది.

"ఆపండర్రా! శాస్త్రం లేదు, గీస్త్రం లేదు. నీడుంటేనే చల్లన!"

మేకలు ఆపలేదు. ముసలి మేక మాత్రం నమలడం ఆపి, "ఆ ముక్క మీ నోటివెంట వినాలనే వచ్చాం బాబూ," అంది.

ఆ సాయంత్రమే గేదె కోతులచేత కొట్టానికి పడమట తాటాకు పందిరి వేయించి, పక్కన సొరపాదు పెట్టింది. కోతులకి అదే ఆఖరి కూలి. మర్నాటినుంచి పాలన్నీ దూడకే. నక్క మాత్రం ఆ వేసవంతా ఒక బండ చాటునుంచి ఇంకో బండ చాటుకి మారుతూ గడిపింది. ఎవరైనా వాస్తు అడిగితే చెవుడు నటించేది.

నీడనిచ్చే చెట్టుని నరకమన్నవాడే విసనకర్ర తెస్తే, ముందు వాడు ఎక్కడ పడుకుంటున్నాడో చూసి రావాలి.