చేతికి కట్టిన తాడు

“తాతా, దీవులకి పోతన్నాను. ఏ సామాను పట్టుకెళ్లమంటావు?”

మా రేవు పెద్ద దానయ్య తాతని నేను ఈ మాట అడిగేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. అప్పటికే భీమిలి నుంచి పూడిమడక దాకా నా పేరు వింటే చేపలు దారి మార్చుకునేవి. నేను ఈటె పట్టుకుని మునిగానంటే, ఒడ్డు మీదున్నవాళ్లు గంజి కాచుకుని, తాగి, గిన్నెలు కడిగి బోర్లించాక తేలేవాణ్ణి. నమ్మకపోతే మానండి. కళ్లారా చూసినవాళ్లంతా ఇప్పుడు లేరు. అది నా దురదృష్టం. ఒక విధంగా అదృష్టం కూడా.

ఈటె పట్టడం నాకు నేర్పింది తాతే. ఆయనకి వాదించే అలవాటు లేదు. ఏమడిగినా ఏదో ఒక పని పురమాయించి, జవాబు అందులో వెతుక్కోమని వదిలేసేవాడు. నాకంటే ముందు ఆయన దగ్గర నేర్చినవాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు నీలయ్య. అప్పటికి ఐదేళ్ల కిందట వేటకి మునిగి, మళ్లీ తేలలేదు. మూడో రోజున తాతే దిగి, వెతికి తెచ్చాడు. నీళ్లకింద ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. అడిగే గుండె ఆ రేవులో ఎవరికీ లేదు. సొరచేప ముక్కు మీద గుద్ది వెనక్కి పంపిన నాకూ లేదు.

ఇక నా సామాను సంగతి. ఓడ మీద వచ్చిన ఒక విదేశీ నావికుడి గడియారం రేవులో పడిపోతే, ముప్పై బారల లోతు నుంచి, అది ఇంకా నడుస్తుండగానే తెచ్చి అతని చేతిలో పెట్టాను. సరే, పది బారలే అనుకోండి. ఆ సంతోషంలో అతను తన మూటంతా నాకిచ్చేశాడు. కాళ్లకి తొడిగే రబ్బరు రెక్కలు, సీసం బిళ్లల బెల్టు, నీటి కళ్లద్దాలు, అన్నిటికీ మించి, రబ్బరు లాగి వదిలితే ఈటె దూసుకుపోయే తుపాకి. ఈటెకి తాడు, తాడుకి తుపాకి, తుపాకిని మణికట్టుకి బిగించడానికి మరో తాడు. వీటి పక్కన నేను చెక్కుకున్న వెదురు ఈటె వేసి, అంతా తాత ముందు ఇసుకలో పరిచాను.

“ఏట్రా అసిరీ, పోయేది దీవులకా, అత్తారింటికా?”

“అండమాన్ చేప పడవంతుంటాదంట తాతా.”

“అలాగా. అయితే ఒక్కోటీ తీసి సముద్రంలోకి ఇసురు.”

నవ్వాననుకుంటాను. ఆయన నవ్వలేదు. వెదురు ఈటె విసిరాను. అలాంటివి పూటకి రెండు చెక్కగలను. కళ్లద్దాలు విసిరాను. రెక్కలు విసిరాను. సీసం బెల్టు దగ్గర కాస్త నసిగి, అదీ విసిరాను. తుపాకి చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి లేవలేదు.

“ఇసురు.”

“ఇది కొత్తది తాతా!”

ఆయన మారు మాట్లాడకుండా పాకలోకి వెళ్లి, చూరులో నుంచి ఒకటి తీసి తెచ్చి నా తుపాకి పక్కన పెట్టాడు. అదీ అలాంటి తుపాకే. తుప్పు పట్టి ఉంది. మణికట్టు తాడు సగంలో తెగి ఉంది.

“అలలు తెచ్చినయ్యి ఏరుకుని పట్టుకెళ్లు. ఇది ఇక్కడుంచు,” అని లోపలికి వెళ్లిపోయాడు.

కోపం వచ్చింది. ముసలాడికి అసూయ అనుకున్నాను. అయినా తాత మాట కాదని ఆ రేవులో నీళ్లలోకి దిగడానికి ఎవరికీ కాలాడదు. తుపాకి వదిలి, వెదురు ఈటె పట్టుకుని పోయాను.

దీవులు చేరిన నాలుగో నాడు, రాళ్ల గుహలో కాపురముండే చేపని పొడిచాను. పడవంత అని వందసార్లు చెప్పాను గానీ, దూడంత ఉంటుంది. ఒక్క ఊపులో ఈటెతో సహా నన్ను గుహలోకి లాగింది. భుజం రాయికి కొట్టుకుంది. ఊపిరి అయిపోయింది. ఏ ఆలోచనా రాలేదు, ఈటె వదిలేశాను. తేలాక పడవ అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా జీవితంలో నేను ఏమీ కలపకుండా చెప్పే సంగతి ఇదొక్కటే.

తిరిగొచ్చి ఉత్త చేతులతో తాత ముందు నిలబడ్డాను. ఆయన నా భుజం మీద మచ్చ చూశాడు.

“ఈటేదిరా?”

“వదిలేశాను తాతా.”

ఆయన వల అందుకుని బాగుచెయ్యసాగాడు. తర్వాత తలెత్తకుండానే చెప్పాడు.

“ఆ తుపాకి మావోడికి నానే కొనిచ్చాను. తాడు వాడి చేతికి నానే కట్టాను. మూడో రోజున నానే కోశాను.”

పాక చూరు వైపు చూశాను.

“‘పోగొట్టుకోకురా’ అన్నాను,” అన్నాడు తాత. “బుద్ధిమంతుడు. నా మాట ఒక్కనాడూ దాటలేదు.”